దేవదారుకు చెప్పని పేరు

పియెల్ వాళ్ళ అక్క మాట్లాడటం మానేసింది. కొడుకుని సముద్రం పొట్టన పెట్టుకున్న నాటి నుంచి పొయ్యి ముందు కూర్చుని మంటకేసి చూస్తూ ఉండిపోయింది. ఎవరు పలకరించినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కెనడా తూర్పు తీరాన ఉండే మిక్మాక్ అనే ఆదివాసీ జనం వాళ్ళు. దుఃఖంలో ఉన్న మనిషికి మొహం తుడుచుకోమని దేవదారు ఆకు వేసి కాచిన నీళ్ళు దోసిట్లో పోస్తారు. ఆ అడవిలో దేవదార్లు అరుదు. అందుకే వాటిని ఇంటి పెద్దల్లా చూసుకుంటారు.

పియెల్ సబెత్ అవ్వ దగ్గర మందులు నేర్చుకుంటున్నాడు. "మా అక్కకి నువ్వే నీళ్ళు పొయ్యాలవ్వా" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఆకు పట్రా" అంది అవ్వ, వాళ్ళింటికొచ్చి నీళ్ళు పొయ్యి మీద పెడుతూ.

వెళ్ళినవాడు ఇట్టే వచ్చేశాడు. భుజం మీద మోపెడు కొమ్మలు.

"ఇన్నెందుకురా?"

"మళ్ళీ మళ్ళీ వెళ్ళక్కర్లేదు కదా."

"కొయ్యబోయే ముందు చెట్టుకి పొగాకు పెట్టి, ఇమ్మని అడిగావా?"

"పెట్టాను. మొదట కనబడ్డ చెట్టుని ముట్టుకోలేదు కూడా. నువ్వు చెప్పిందేదీ మర్చిపోలేదవ్వా." గొంతులో కాస్త గర్వం.

"ఎవరి కోసమో చెప్పావా?"

పియెల్ మోపు కింద దించి కొమ్మలు సర్దసాగాడు.

అవ్వ తన సంచిలోంచి చిటికెడు పొగాకు తీసి వాడి చేతిలో పెట్టింది. మరుగుతున్న నీళ్ళు పొయ్యి మీంచి దించేసింది.

ఏం చాదస్తమో ఈ ముసలిదానికి! గొణుక్కుంటూనే మోపు ఎత్తుకుని మళ్ళీ అడవికి వెళ్ళాడు.

నరికిన చోటల్లా చెట్టు పచ్చిగా ఉంది. కొమ్మలు దాని మొదట్లో దించి, పక్కన పొగాకు పెట్టాడు.

"మా అక్క మాలియన్ కోసం" అన్నాడు. "వాళ్ళబ్బాయి..."

ఆ పిల్లాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. పియెల్ అసలే ఎత్తలేదు. వాడికి పడవ నడపడం నేర్పింది తనే మరి.

"నోయెల్" అన్నాడు చివరికి. అని, ఆ చెట్టు మొదలు పట్టుకుని బావురుమన్నాడు.

తిరిగొచ్చేసరికి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిలో ఒక్కటే రెమ్మ.

అవ్వ నీళ్ళు మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. కాగాక రెమ్మ వేసి, చెంబు వాడికే ఇచ్చింది.

"నేనా అవ్వా?"

"నువ్వే."

పియెల్ అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె అరచేతుల్లో గోరువెచ్చగా నీళ్ళు పోశాడు.

"అక్కా... మన నోయెల్" అన్నాడు.

మాలియన్ మంట మీంచి చూపు తిప్పింది. తడి చేతులు మొహానికి ఆనించుకుని ఆ వాసన పీల్చింది.

"వాడికి ఈ వాసనంటే ఎంత ఇష్టమో కదరా" అంది.