ఎర్రపిల్లల చాటు కొర్రమీను

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆయన కోట కింద ఒక చెరువు. ఎంత చెరువంటే, అవతలి గట్టున పిలిస్తే ఆ పిలుపు ఇవతలికి చేరేసరికి పొయ్యి మీద అన్నం ఉడికిపోయేది!

ఎండాకాలం వచ్చి నీళ్ళు మోకాళ్ళకు దిగాయంటే ఊరు ఊరంతా అందులోనే. గాలాలు వేసేవాళ్ళు వేస్తారు, అడుగులేని వెదురుబుట్టల్లాంటి ఊతలు బురదలో గుచ్చి పట్టేవాళ్ళు పడతారు. బొచ్చెలు, వాలుగలు, జెల్లలు, ఏది పడితే అది ఆ పూట కూర. పిల్లల్ని వెంటేసుకు తిరిగే కొర్రమీనును మాత్రం ఎవరూ ముట్టరు. ఎర్రెర్రని పిల్లలు గుంపుగా పైన, తల్లి కింద కాపలా. దాన్ని పడితే ఇల్లు నిలవదని ఆ ఊరి నమ్మకం.

ఒక ఎండాకాలం ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చి చెరువు నడుమ బండ మీద కూర్చున్నాడు.

"ఈ నీళ్ళు నావి, చేపలు నావి. గాలం వేసినవాణ్ణి కొంగను చేస్తా. ఆకలైతే వచ్చి నా కాళ్ళు మొక్కండి, బుద్ధి పుడితే పెడతా. కత్తులు దూయకండి, నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది" అన్నాడు.

రాజు మొక్కాడు. పెద్దకొడుకు మొక్కాడు. రెండోకొడుకు మొక్కాడు. మూడోవాడు కమలాకరుడు మొక్కలేదు. వాడికంటే ముందు మొక్కనిది ఇంకొకతె ఉంది. బెస్త పోలయ్య కూతురు నీలాలు. కమలాకరుడికి గాలం పట్టడం నేర్పింది ఆ పిల్లే. ఆమె నవ్వితే చెరువు మీద ఎండ తళుక్కుమన్నట్టుండేది వాడికి.

"మా తాతలు వేసిన చోటే వేస్తున్నా. నువ్వెవడివయ్యా మధ్యలో?" అని ఆమె మాంత్రికుడి ముందే గాలం విసిరింది. ఠప్పున తెల్లకొంగ అయిపోయింది.

కమలాకరుడికి లోకం ఆగిపోయింది. అన్నలిద్దరూ చిలుక కోసం బయల్దేరారు. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, అలా ఏడూ దాటి, పంజరంతో తిరిగొచ్చారు. పెద్దవాడు చిలుక మెడ పట్టుకున్నాడు. బండ మీద మాంత్రికుడు పడీపడీ నవ్వాడు.

"జామకాయలు పెట్టి పెంచుకోండి నాయనా! వట్టి చిలుక అది!"

అన్నలు సముద్రాల మీద ఉన్నన్నాళ్ళూ కమలాకరుడు గట్టునే ఉన్నాడు. ఆ నవ్వు విని కొంగతో అన్నాడు:

"నీలాలూ, ప్రాణం ఇంకెక్కడో దాచుకున్నవాడికి మన గాలమంటే భయమెందుకు?"

కొంగ మెడ సాచింది. "అయితే చినబాబూ, వాడి ప్రాణం ఈ నీళ్ళలోనే ఉంది! అవిగో, ఆ ఎర్రపిల్లల్ని చూడండి. కొర్రపిల్లలు నెల తిరిగేసరికి నల్లబడి ఎవరి దారిన అవి పోతాయి. వీడొచ్చినప్పటినుంచీ ఇవి ఎర్రగానే ఉన్నాయి."

కమలాకరుడు ఒక కప్పను ఆ గుంపులోకి విసిరాడు. కింది కొర్రమీను కదల్లేదు. రెండో కప్ప విసిరాడు. వెనక్కి జరిగింది. మూడోది విసిరాడు. పిల్లల్ని వదిలేసి పారిపోయింది!

"నిజం తల్లయితే మొదటి కప్పనే చీల్చేది" అంది కొంగ. "ప్రాణానికి తల్లి వేషం కట్టి, తల్లిచేపను ముట్టని మన మర్యాద చాటున దాచుకున్నాడు, దొంగసచ్చినోడు!"

"మరి దిగితే నన్నూ కొంగను చేస్తాడుగా?"

"చెయ్యనివ్వండి! చేపలు పట్టడంలో కొంగ ఎవరికి తీసిపోయింది?"

కమలాకరుడు పకపకా నవ్వి ఊరందరికీ కబురు పెట్టాడు. తనే ముందు నీళ్ళలోకి దిగాడు.

"ధూమకేశా! గాలం వేస్తున్నా. నీ చేతనైంది చేసుకో!"

ఠప్పు! కొంగ. పోలయ్య ఊతతో దిగాడు. ఠప్పు! ముసలమ్మలు దిగారు, వంటవాళ్ళు దిగారు, అన్నలిద్దరూ సిగ్గుపడుతూ దిగారు. చివరికి రాజు కిరీటం గట్టున పెట్టి, పంచె ఎగ్గట్టి దిగాడు. కోపంలో మాంత్రికుడు చేస్తూనే పోయాడు. తలెత్తి చూసేసరికి చెరువంతా కొంగలే. అన్ని ముక్కులూ ఒక్క చేప చుట్టూ!

అటు తిరిగితే ముక్కు, ఇటు తిరిగితే ముక్కు, అడుగుకు దిగితే బురద. నీలాలు ఠక్కున ముక్కుతో అందుకుంది. బండ మీద వాడికి ఊపిరాడలేదు.

"వదలండి! ఏం కావాలన్నా ఇస్తా!"

"ముందు అందర్నీ మనుషుల్ని చెయ్యి" అన్నాడు కొంగైన కమలాకరుడు.

ముక్కు నోరైతే చేప జారుతుందని వాడి ఎత్తు. చేసేశాడు. చేప జారింది కూడా. కానీ బెస్తపిల్ల చెయ్యి ఊరుకుంటుందా? తండ్రి వదిలేసిన ఊత అందుకుని చేప మీద దిగేసింది. పట్టి గట్టు మీదికి విసిరింది. బండ మీద మాంత్రికుడు ఉన్నచోట తడికట్టెల పొగ ఒక్కటి లేచి పోయింది. ఎర్రపిల్లలూ మాయమయ్యాయి.

ఆ తడిబట్టలతోనే కమలాకరుడు, "నాన్నగారూ, నేను నీలాల్ని పెళ్ళాడతాను" అన్నాడు.

రాజు మొహం ముడుచుకుంది. "బెస్తవారి పిల్లా? మన ఇంటికి?"

"ఇందాక చెరువులో ఇన్ని కొంగలున్నాయి కదా. అందులో రాజుగారెవరో మీరే చెప్పండి!" అన్నాడు కమలాకరుడు.

ఊరంతా గొల్లున నవ్వింది. రాజు బురదకాళ్ళు చూసుకుని, తనూ నవ్వేశాడు.

పెళ్ళి గట్టునే జరిగింది. వాళ్ళిద్దరూ నిండు నూరేళ్ళూ రాజ్యమేలారు. కొలువులో చిక్కు వచ్చినప్పుడల్లా రాణి నీలాలు లేచి ఒంటికాలి మీద నిలబడి ఆలోచించేదట. ఎవరూ నవ్వేవారు కాదు. కథ గట్టెక్కింది, ఇక మీరు పడుకోండి.