నందకుడి తప్పు

సుమేధుడికి లెక్కల పిచ్చి. సముద్రపు ఒడ్డున కొండ మీది ఆరామంలో భిక్షువులందరూ కళ్లు మూసుకుని ధ్యానం చేస్తుంటే, ఇతగాడు కళ్లు తెరుచుకుని ఎవరి మాట ఎవరు వింటారో కనిపెడుతూ కూర్చునేవాడు.

ఆ కొండ మీద ఏది తేల్చాలన్నా పుల్లలు తీయడమే ఆచారం. ఔనంటే నల్లపుల్ల, కాదంటే తెల్లపుల్ల. పుల్లలు తీయకముందే ఫలితం చెప్పేయాలని సుమేధుడి పంతం. ఇసుకలో భిక్షువుకొక గవ్వ పేర్చాడు. ఎవరి మాట మీద ఎవరికి గురో అడిగి తెలుసుకుని, గవ్వకీ గవ్వకీ దారం కలిపాడు. ఔననేవాడి గవ్వ బోర్లా ఉంటుంది. దారం కలిసిన గవ్వల్లో ఎక్కువ బోర్లాపడితే ఈ గవ్వనూ బోర్లించాలి. అంతే సూత్రం.

వానాకాలం మధ్యలో, నందకుడనే భిక్షువును పంపేయాలా అని సంఘం సభ పిలిచింది. సుమేధుడు గవ్వలు తిప్పి చూసుకుని, ఉబ్బితబ్బిబ్బై గురువు భద్రసేనుడి దగ్గరికి పరుగెత్తాడు.

"భంతే, రేపు అందరూ నల్లపుల్లే తీస్తారు. నందకుడు కొండ దిగాల్సిందే."

నందకుడు కొత్తగా వచ్చినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజుల్లో కొండ దిగితే తలదాచుకునే చోటు లేదు. కింద ఎటు చూసినా వరదే.

గురువు తడిసిన చీవరం ఆరేసుకుంటున్నాడు. "ఆయన చేసిన తప్పేమిటి?" అన్నాడు.

అది సుమేధుడి లెక్కలో లేదు.

"కనుక్కుని రా."

మొదటి గదిలో భిక్షువును అడిగితే, "ఏమో, అందరూ అంటున్నారు కదా," అని పక్క గది చూపించాడు. పక్క గదివాడూ అదే మాట అదే గొంతుతో అని ఇంకో గది చూపించాడు. అలా గది తర్వాత గది. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. ఒక్కరైనా నందకుణ్ణి తిడితే బాగుండుననిపించింది సుమేధుడికి.

చివరి గదిలో ముసలి భిక్షువు అతన్ని వింతగా చూశాడు. "మొదట అడిగింది నువ్వే కదా నాయనా. నందకుణ్ణి పంపేద్దామని పక్కవాళ్లంటే మీరేమంటారని."

నిజమే. దారాలు కలపడానికి ఏదో ఒక ప్రశ్న కావలసివచ్చింది. ఎదురుగా కనిపించాడని నందకుడి పేరు వాడుకున్నాడు. గదిగదికీ తిరిగి అదే అడిగాడు.

సుమేధుడు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, అది ఉత్త ఉదాహరణేనని, ఆయనలో ఏ దోషమూ లేదని ఒక్కొక్కరికీ చెప్పుకున్నాడు. అందరూ ఓపిగ్గా విన్నారు. భుజం తట్టారు.

"పాపం, ఆ నందకుడు నీ చేత కూడా ఇలా అనిపించాడా?" అన్నారు.

మర్నాడు వాన హోరులోనే సభ కూడింది. పుల్లల బుట్ట చేతులు మారుతూ వచ్చింది. తెల్లపుల్ల తీసింది గురువూ సుమేధుడూ మాత్రమే. ఆఖరున బుట్ట నందకుడి ముందుకొచ్చింది. ఆయన చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒకసారి చూసి, తలవంచుకుని, నల్లపుల్ల తీశాడు.

సుమేధుడు గురువు కాళ్ల మీద పడి, ఇప్పుడు తానేం చేయాలని ఏడ్చాడు.

భద్రసేనుడు నందకుడి భిక్షాపాత్ర తెచ్చి సుమేధుడి చేతిలో పెట్టాడు.

"కింద దాకా ఆయనకు తోడు వెళ్లు. నా తప్పేమిటని ఆయన దారిలో అడిగితే, చెప్పు."