ఎర్రనోటమ్మ తాంబూలం

గుండ్లకమ్మ ఒడ్డున తమలపాకు తోటలు దాటాక, చవిటి నేలలో కనిపించే చిన్న గుడే ఎర్రనోటమ్మ సన్నిధి. అమ్మవారు నోరు తెరిచి ఉంటుంది. పెదవుల నుంచి గడ్డం దాకా ఎరుపే. కొత్తగా వచ్చిన భక్తులు చూసి ఉలిక్కిపడతారు. పడనివ్వండి, ఈ ఊరివాళ్లూ ఒకనాడు అలాగే ఉలిక్కిపడ్డారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, శ్మశానం ఉండేది. ఊళ్లో ఆదెమ్మ అనే ముసలావిడ, ఆమె కొడుకు పోలయ్య, కోడలు పేరిందేవి కాపురముండేవారు. ఆదెమ్మకు పళ్లన్నీ ఊడినా ఆకువక్క మీద మోజు పోలేదు. కోడలే ఆకు, వక్క, సున్నం, కాచు చిన్న ఇత్తడి రోట్లో మెత్తగా దంచి అత్త నోట్లో పెట్టేది. "నోరు పండిందా అత్తా?" అని అడిగి నవ్వేది. అలాంటి పిల్ల దగ్గుతో చిక్కి శల్యమై కన్నుమూసింది. ముత్తైదువగా పోయిన కోడలికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చివరి తాంబూలం ఆదెమ్మే దంచి నోట్లో పెట్టింది. ఇంటి ఆచారం ప్రకారం మట్టి చేశారు.

పెద్దకర్మ అయిందో లేదో, పోలయ్యకు దగ్గు పట్టుకుంది. దగ్గితే నెత్తురు పడేది. పేరిందేవి పిశాచమై వచ్చి మొగుడి నెత్తురు పీలుస్తోందని ఊరంతా గుసగుసలు. "గొయ్యి తవ్వి గుండెల్లో ఇనుప మేకు దింపితే మగడు బతుకుతాడు" అని భూతవైద్యుడు తేల్చి చెప్పాడు. ఆదెమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లోకి పోయేది, మళ్లీ వాకిట్లోకి వచ్చేది. కోడలు అలాంటిది కాదని మనసు చెబుతున్నా, కొడుకు దగ్గు వినపడగానే ఆ నమ్మకం సడలేది. ఒక్క మేకుతో బిడ్డ దక్కుతాడంటే ఏ తల్లి కాదనగలదు? చివరికి సరేనంది.

మిట్టమధ్యాహ్నం అందరి ఎదుటా తవ్వారు. పుల్లలా చిక్కి చనిపోయిన మనిషి, లోపల ఒళ్లు చేసినట్టు ఉబ్బి ఉంది. నోటినిండా ఎరుపు, చెంప మీదుగా కారి ఉంది. "అమ్మో, నెత్తురు!" అని జనం వెనక్కి ఉరికారు. భూతవైద్యుడు మేకు అందుకున్నాడు.

ఆదెమ్మ తొంగిచూసింది. ఆ ఎరుపు ఆమెకు తెలుసు, అది తన రోట్లో దంచినదే. ఆ మాట చెబితే కోడలు పిశాచం కాదు. కోడలు పిశాచం కాకపోతే కొడుకు రోగానికి మందే లేదు. ఊరుకుంటే మేకు దిగేది, ఆశైనా మిగిలేది. అయ్యో, ఆ క్షణాన ఆ తల్లి పడిన యాతన పగవాళ్లకు కూడా వద్దు!

"ఆగండిరా! అది నెత్తురు కాదు, నేను పెట్టిన తాంబూలం!"

ఎవరూ నమ్మలేదు. కోడలి మీద ప్రేమతో ముసలిది అబద్ధమాడుతోందన్నారు. ఆదెమ్మ గొయ్యి పక్కనే చతికిలబడి, కొంగున కట్టుకొచ్చిన రోలు తీసి ఆకువక్క దంచి నోట్లో వేసుకుంది. ఎర్రటి రసం గడ్డం మీదికి కారుతుండగా లేచి నోరు తెరిచింది.

"ఇదిగో నా నోరు. ముందు నాకు దింపండి మేకు. ఆ తర్వాత మీ నోళ్లూ చూపించండి!"

అసలే తమలపాకుల ఊరు. నోరు పండని మనిషి ఆ గుంపులో లేడు. భూతవైద్యుడి పెదవులూ ఎర్రగానే ఉన్నాయి. ఒక్కొక్కరూ నోరు మూసుకుని తలలు దించుకున్నారు, గొయ్యి పూడ్చేశారు.

పోలయ్య దక్కలేదు. దాచడం అమ్మకు ఇష్టముండదు గనుక రాస్తున్నాం. మేకు దింపి ఉంటే బతికేవాడేమో అన్నవాళ్లున్నారు. ఆదెమ్మనూ ఆ అనుమానం పీడించి కంటికి కునుకు కరువైంది. ఒక తెల్లవారుజామున పేరిందేవి కలలోకి వచ్చి, "నోరు పండిందా అత్తా?" అని అడిగింది.

"పండి ఏం లాభమే తల్లీ, నాకు కడుపుకోత మిగిలింది" అని ఆదెమ్మ ఏడ్చింది.

"నన్ను రెండోసారి చంపనివ్వలేదు నువ్వు. నిందపడ్డవాళ్లను నా దగ్గరికి పంపు" అని చెప్పి పేరిందేవి మాయమైంది. కోడలిని మట్టి చేసిన చోటే ఆదెమ్మ రాయి నిలిపింది, పేరిందేవే ఎర్రనోటమ్మ అయింది.

నేటికీ పూజారి దంచిన తాంబూలం అమ్మ నోటికి పెట్టి, "ఇది నెత్తురా?" అని బిగ్గరగా అడుగుతాడు. "కాదు, తాంబూలం" అని భక్తులు చెప్పి, ఆ రోటిలోదే ప్రసాదంగా తీసుకుని, ఒకరికొకరు నోరు చూపించుకోవాలి. నీలాపనిందలు తొలగుతాయని నమ్మకం. ఉమ్మి మాత్రం ఎక్కడపడితే అక్కడ వేయకండి, అమ్మ ఊరుకున్నా పూజారి ఊరుకోడు. రోగం తగ్గించమని ఇక్కడెవరూ మొక్కుకోరు. దానికి ఆసుపత్రికి వెళతారు.

తలుపు వేసేముందు పూజారి, ఎదురుగా ఆదెమ్మ పేరిట ఊరివాళ్లు నిలిపిన రాయి ముందు నిలబడి, అమ్మవారి తరఫున "నోరు పండిందా అత్తా?" అని అడుగుతాడు. అక్కడున్నవారంతా "పండింది తల్లీ" అనాలి. ఆనాడు కలలో ఆ మాట ఆవిడ చెప్పలేకపోయింది, అందుకని మనం చెబుతాం.