కొసపట్టమ్మ చేతి మోకు

ఎర్రమలల దిగువన గుండ్లపాయ కూడలిలో బస్సు దిగి, పడమటి వైపు మట్టిబాట పట్టిన భక్తులకు మొదట కనిపించేది గోపురం కాదు. నల్లని రాతిగుండు ఒకటి, దానికి కొంచెం ఎడంగా రాళ్ళకుప్ప ఒకటి కనిపిస్తాయి. ఆ గుండు మీదనే శ్రీ కొసపట్టమ్మ తల్లి వెలసి ఉన్నది. తల్లికి కిరీటం లేదు, ఆయుధం లేదు. కుడిచేతి పిడికిలి బిగించి ఉంటుంది. ఆ పిడికిలి పక్కగా లావుపాటి మోకుతాడు ఒకటి గుండు అవతలి వైపునకు పోతుంది. భయాలు పట్టుకున్నవారు, దిగులుతో అన్నం సయించనివారు, కన్ను మూస్తే ఉలిక్కిపడేవారు ఎక్కువగా వస్తారు. పంటల కోసం, పిల్లల కోసం మొక్కుకోవడానికి చుట్టుపక్కల దేవళాలు చాలా ఉన్నవి. ఆ కోరికలతో ఈ తల్లిని ఇబ్బంది పెట్టవద్దని పెద్దలు చెబుతారు.

ఇక్కడ తీర్థం ఇవ్వరు, తాయెత్తు కట్టరు. వచ్చినవారు గుండుకు ఇవతల కూర్చుని మోకు కొస పట్టుకుంటారు. అవతల మరెవరో కూర్చుని రెండో కొస పట్టుకుంటారు. ఒకరికి ఒకరు కనిపించరు. ఇటు లాగితే అటు నుంచి లాగుతారు, అంతే. ఈ ఆచారం ఎట్లా వచ్చిందో తెలిసినవారు మోకును కొంచెం జాగ్రత్తగా పట్టుకుంటారు కనుక, భక్తులు ముందుగా ఈ వృత్తాంతం చదువుకోవలసినది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గుండు మాత్రమే ఉన్నది. వానలు మొహం చాటేసిన కాలంలో గుండ్లపాయ పెద్దలు ఈ వాలులో బావి తవ్వించదలచి వడ్డెవారిని పిలిపించారు. వారి మేస్త్రి కొండన్న. బావి లోపల దిగి తవ్వేది అతని తమ్ముడు తిరిపాలు. తిరిపాలు నడుముకు కట్టిన మోకు రెండో కొస, పైన అతని భార్య సుంకమ్మ చేతిలో ఉండేది. వడ్డె పనిలో ఆ కొసను ఎవరికి పడితే వారికి ఇవ్వరు. లోతుకు పోయినవాని మాట పైకి వినపడదు కనుక మోకే వాని మాట. కింద నుంచి లాగితే ‘ఉన్నాను’ అని అర్థం. పైనున్నవారు తిరిగి లాగి ‘నేనూ ఉన్నాను’ అనాలి. ఆలుమగలిద్దరూ పొద్దంతా అట్లా మాట్లాడుకొనేవారు. పని లేకపోయినా తిరిపాలు ఊరికే మోకు కదిపేవాడు. "భూమిలోకి పోయినా ఈయప్పకు నోరు ఊరుకోదు" అని సుంకమ్మ నవ్వేది. వారి కూతురు చెంచమ్మ, ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల, తల్లి పక్కనే రాళ్ళు పేర్చుకుంటూ ఆడుకొనేది.

అడుగున తడి తగిలిన రోజు ఊరంతా సంబరపడింది. పక్కలకు రాతికట్టు కట్టేదాకా ఆగుదామని కొండన్న చెప్పిన మాట పెద్దలు వినలేదు. ఊరు దాహంతో ఉన్నదన్నారు. దాహం నిజమే, కాని దిగవలసినది వారిలో ఎవరూ కాదు. మరునాటి ఉదయం తిరిపాలు దిగిన కొంతసేపటికి బావి పక్క విరిగి లోపలికి జారింది.

దుమ్ము అణగేసరికి బావి సగానికి పూడిపోయి ఉన్నది. సుంకమ్మ చేతిలోని మోకు నేరుగా మట్టిలోకి పోతున్నది. అందరూ తలలు బాదుకుంటూ ఉండగా ఆ మోకు కదిలింది.

"ఉండాడు బావా, లాగుతాండాడు" అన్నది సుంకమ్మ కొండన్నతో.

తవ్వినారు. ఒక గంప మట్టి తీస్తే రెండు గంపల మట్టి జారింది. మిట్టమధ్యాహ్నానికి రెండో పక్క కూడా నెర్రె విచ్చింది. అప్పుడు కొండన్న పార కింద పెట్టి, మరదలి ముఖం చూడలేక నేల చూస్తూ చెప్పాడు. "సుంకమ్మా, ఇంక తవ్వితే తవ్వేటోళ్ళు గూడా పోతారు. వాడు నా తోడబుట్టినోడు. నేనే ఆపమంటాండా."

"మీరు ఆపండి బావా. నేనెట్ల ఆపేది, నా చేతిలో ఆయన లాగతానే ఉండాడు గదా" అన్నది సుంకమ్మ.

పార పట్టినవారు దూరంగా పోయి కూర్చున్నారు. ఊరి పెద్దలు ఇంకా దూరంగా నిలబడ్డారు. సుంకమ్మ ఒక్కతే బావి గట్టున మిగిలింది. కింద నుంచి లాగుడు వస్తూనే ఉన్నది. ఆమె తిరిగి లాగుతూనే ఉన్నది. పొద్దు వాలేకొద్దీ ఆమెకు ఒక సంగతి తెలిసివచ్చింది. తాను లాగిన ప్రతిసారీ కింద ఉన్న మనిషి, పైన తవ్వుతున్నారనీ, వస్తున్నారనీ నమ్ముతున్నాడు. ఎవరూ రావడం లేదు. తన చెయ్యి మొగునికి అబద్ధం చెబుతున్నది. లాగుడు పలచబడి, దారపు పోగు కదిలినట్టుగా అయింది. పొద్దు గుంకే వేళ ఇంకొక లాగుడు వచ్చింది. దానికి సుంకమ్మ జవాబు ఇవ్వలేదు. చెయ్యి తెరిచింది.

మోకు జానెడు లోపలికి జారి ఆగిపోయింది. మరుక్షణమే ఆమె దానిమీద పడి పట్టుకొని లాగింది. మళ్ళీ లాగింది. తెల్లవారేదాకా లాగింది. అటు నుంచి ఏమీ రాలేదు. తాను వదిలినందుకు పోయినాడా, పోతూ పోతూ లాగిన ఆఖరి లాగుడే అదా? ఈ ప్రశ్న ఆ పూట ఆమెలో దిగబడింది. ఊరివారు మోకు కొసను లోపలికి తోసి, బావిని పూడ్చి, మీద రాళ్ళు కుప్ప పోశారు. భక్తులు చూసే కుప్ప అదే.

పని అయిపోతే గుడిసెలు ఎత్తుకొని పోవడం వడ్డెవారి పద్ధతి. తక్కినవారు పోయారు. సుంకమ్మ కదలలేదు, ఆమె కోసం కొండన్న కూడా ఉండిపోయాడు. ఆనాటి నుంచి సుంకమ్మ కుడిచెయ్యి దేనినీ పట్టుకొనేది కాదు. చేద తాడు తగిలినా, మేక పలుపు తగిలినా ఒళ్ళంతా చెమట పట్టి, పళ్ళు కరుచుకొని కూలబడేది. అన్నింటికంటే కష్టం చెంచమ్మ చెయ్యి. పిల్లలు నడుస్తూ నడుస్తూ తల్లి వేళ్ళు పట్టి లాగుతారు కదా. చెంచమ్మ అట్లా లాగిన రోజున సుంకమ్మ కేక పెట్టి, పిల్లను విదిలించి కొట్టింది. తరువాత తానే ఏడ్చింది. పిల్ల తెలివైనది. అప్పటి నుంచి వెనుకగా వచ్చి కొంగు అంచు మాత్రం పట్టుకొనేది, అదీ వదులుగా. నా బిడ్డ చెయ్యి నేను పట్టుకోగలిగితే చాలు, ఇంకేమీ అడగనని సుంకమ్మ కనబడిన రాయికల్లా మొక్కింది.

కొండన్న పిలిపించనివారు లేరు. సోదె చెప్పే అమ్మ వచ్చి, పోయినవాని ఆకలి తీరలేదని రాళ్ళకుప్ప మీద కూడు పెట్టించింది. కాకులు తిని సంతోషించాయి. భూతవైద్యుడు వచ్చి వేపమండలతో వీపు చీరేశాడు. దెబ్బకు దెయ్యం దిగుతుందంటారు గాని, దెయ్యమే లేని మనిషికి ఏం దిగుతుందో ఎవరూ చెప్పరు. కొండల నుంచి వచ్చిన పసరు వైద్యుడు చేతికి తైలం పట్టించాడు. చెయ్యి మెత్తబడింది, భయం మాత్రం పోలేదు. పుండొకచోట, మందొకచోట అయింది. ఇంట్లో సాంబ్రాణి పొగకు చెంచమ్మకు దగ్గు పట్టుకున్నది.

చివరకు దేశాలు తిరిగే బైరాగి ఒకడు వచ్చి, ఊపిరి రావడం పోవడం చూస్తూ కూర్చోమన్నాడు. సుంకమ్మ కూర్చున్నది. కొన్నాళ్ళు కాస్త కునుకు కూడా పట్టింది. కాని ఒకనాడు ఆమె బైరాగి ముందు చేతులు జోడించింది. "సామీ, నేను ఊపిరి తీసినప్పుడల్లా ఆడ ఆయనకు ఊపిరి లేదని మతికొస్తాది. ఇంక నేను చూడలేను." బైరాగి లేచి, "దీనికి నాకు తెలిసింది లేదు తల్లీ" అని ఆమెకే నమస్కరించి పోయాడు. వచ్చినవారందరిలో తెలియదని చెప్పినవాడు అతడొక్కడే.

మరుసటి ఏడు వానలు కురిసి వాగు వచ్చింది. మనిషి పోయాక వచ్చిన వాన. కొండన్న ముందు, సుంకమ్మ వెనుక, చెంచమ్మ ఆ వెనుక వాగు దాటుతున్నారు. పిల్ల కాలు జారింది. తల్లి వైపు చెయ్యి చాచింది. సుంకమ్మ చెయ్యి ముందుకు పోవలసినది, తనంతట తానే వీపు వెనుకకు పోయింది. కొండన్న నీళ్ళలో దూకి పిల్లను జుట్టు పట్టి లాగాడు. గట్టు మీద నీళ్ళు కక్కుకున్న తరువాత చెంచమ్మ, "అమ్మను తిట్టాకు పెదనాయనా. అమ్మ చెయ్యి ఇయ్యదని నాకు తెలుసు. కొంగు పట్టుకోకుండా వచ్చింది నేనే" అన్నది.

ఆ మాటతో సుంకమ్మలో మిగిలినది కూడా విరిగిపోయింది. "బావా, ఈ బిడ్డను నువ్వు సాక్కో. నా చేతికి మనిషిని వదిలేదే వచ్చు" అని చెప్పి, ఇక దిగి రాకూడదనుకొని రాళ్ళకుప్ప ఎక్కి పడుకున్నది. అన్నం పంపితే ముట్టలేదు. నీళ్ళు పంపితే పారబోసింది.

అట్లా పడి ఉన్నప్పుడు తెల్లవారుజామున ఆమెకు కల వచ్చింది. మెడదాకా మట్టి అంటుకొని, తడిజుట్టుతో ఒక ముసలమ్మ పక్కన కూర్చుని ఉన్నది. గంగమ్మ తల్లేనని సుంకమ్మకు తెలిసిపోయింది. మొక్కలేదు, వరం అడగలేదు. "నేను వదిలినప్పుడు ఆయన ఉన్నాడా?" అని అడిగింది.

"అది నన్ను అడగాకు అమ్మీ. ఉన్నాడంటే చస్తావు, లేడంటే నమ్మవు" అన్నది తల్లి. "నా దగ్గర మందు లేదు. నువ్వు పైకొస వదిలినావు. కిందికొస నేను పట్టుకొనే ఉండా. లేసి నీ కొస పట్టుకో."

సుంకమ్మ లేచి గోళ్ళు ఊడేటట్టు రాళ్ళు తీసింది, మట్టి తోడింది. మోకు కొస దొరికింది. కళ్ళు మూసుకొని లాగింది. అది బరువు లేకుండా, ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. కింది భాగాన్ని ఎప్పుడో చెద తినేసింది. ఆయన నడుముకు కట్టిన ముడి ఉన్నదో లేదో తెలిసే దారి కూడా మిగలలేదు. కిందికొస ఎవరూ పట్టుకొని లేరు. దేవత కూడా తనలాగే అబద్ధం చెప్పిందని సుంకమ్మ అనుకున్నది. మోకు ముక్కను ఈడ్చుకుంటూ గుండు చుట్టి వచ్చి దానికి ఆనుకొని కూలబడింది. లేచే ఓపిక లేదు, చచ్చే ఓపిక కూడా లేదు. ఒక కొస ఆమె ఒడిలో, రెండో కొస గుండు అవతల పడి ఉన్నవి.

ఒడిలోని మోకు కదిలింది.

మళ్ళీ కదిలింది. ఆమె కుడిచెయ్యి పోయి దానిని పట్టుకున్నది, తిరిగి లాగింది. అవతల నుంచి జవాబు వచ్చింది. ఎండ నెత్తికెక్కేదాకా ఆ మాటలు సాగాయి. తీరా కొండన్న వెతుక్కుంటూ వచ్చి చూస్తే, గుండు అవతల చెద తిన్న కొస పట్టుకొని చెంచమ్మ కూర్చుని ఉన్నది. ఎందుకు వచ్చావంటే, "అమ్మ చెయ్యి ఇయ్యదు గదా, దీన్నన్నా పట్టుకుందామని" అన్నది.

గంగమ్మే పిల్ల రూపంలో వచ్చిందని కొందరు చెబుతారు. పిల్ల పిల్లగానే వచ్చిందని కొందరు అంటారు. ఈ తగవును దేవస్థానం ఇంతవరకు తీర్చలేదు.

దీనితో సుంకమ్మకు నయమైందని రాయగలిగితే బాగుండేది. నయం కాలేదు. ఎదురుగా కూతురు చెయ్యి చాస్తే ఆమె చెయ్యి ఎప్పటిలాగే వెనక్కు పోయేది. రాయి అడ్డం ఉంటేనే, ముఖం కనపడకుంటేనే మోకు పట్టుకోగలిగేది. తల్లీ కూతుళ్ళు ప్రతి ఉదయం అట్లా గుండుకు చెరోవైపు కూర్చొనేవారు. ఈ సంగతి తెలిసి, పాము కాటు తప్పినా భయం తప్పనివాడు ఒకడు వచ్చాడు. పురిట్లో బిడ్డలను పోగొట్టుకొని మాట పడిపోయిన ఇల్లాలు వచ్చింది. అవతలి కొస పట్టుకొమ్మని అడిగారు. సుంకమ్మ పట్టుకున్నది. తన భయానికి మందు దొరకనిది పదిమంది భయాలకు కాపలా కూర్చున్నది. వారిలో కొందరికి నెమ్మదించింది, కొందరికి లేదు. ఎదుటివారు వదిలేదాకా తాను వదలకూడదన్న నియమం మాత్రం ఆమె ఒక్కరోజు తప్పలేదు.

చెంచమ్మ పెరిగింది, పెళ్ళాడింది, తల్లి అయింది. ఒకనాడు గుండుకు చెరోవైపు కూర్చుని ఉండగా తల్లి నుంచి రావలసిన లాగుడు రాలేదు. చెంచమ్మ లాగింది, ఆగింది, మళ్ళీ లాగింది. చూసి వచ్చినవారు ఇక వదులమ్మా అన్నారు. "మా యమ్మ ముందు వదలల్ల" అని ఆమె పొద్దు గుంకేదాకా పట్టుకొనే ఉన్నది. అప్పుడు లేచి ఇవతలికి వచ్చింది. సుంకమ్మ గుండుకు ఆనుకొని ఉన్నది. పిడికిలి బిగిసి ఉన్నది, అందులో మోకు ఉన్నది. చెంచమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నది. బుద్ధెరిగిన తరువాత ఆమె తల్లి చెయ్యి పట్టుకున్నది అదే మొదలు. ఆ చెయ్యి ఈసారి వెనక్కు పోలేదు.

పిడికిలి విప్పడం ఎవరివల్లా కాలేదు. చేతిలోని ముక్క వరకు మోకు కోసి, ఆమెను గుండు మొదటనే మట్టి చేశారు. తరువాతి వానకాలానికి గుండు మీద పిడికిలి బిగించిన ఆడరూపు తేలిందని చెబుతారు. పసుపు పూసి, కొసపట్టమ్మ అని పిలుచుకున్నారు.

నేటికీ చెంచమ్మ వంశపు ఆడపడుచులే ఇక్కడ పూజారులు. మోకు ఏటేటా కొత్తది పేనుతారు, అందులో పాతదాని పోగు ఒకటి కలుపుతారు. భక్తులు తమకు నెమ్మదించిన తరువాత, గుండు అవతల కూర్చుని ముక్కూముఖం తెలియని ఇంకొకరి కోసం కొస పట్టుకోవడమే ఇక్కడి మొక్కుబడి. భయం పోతుందని తల్లి సన్నిధిలో ఎవరూ మాట ఇవ్వరు. లాగితే జవాబు వస్తుందని మాత్రం ఇస్తారు. ఆ మాట ఇంతవరకు తప్పలేదు.

పొద్దు గుంకే వేళ భక్తులందరూ లేచిన తరువాత, పూజారమ్మ మోకు కొసను రాళ్ళకుప్ప మీదికి తీసుకుపోయి, రాళ్ళ సందులోకి జారవిడిచి ఒకసారి లాగుతుంది. ఆ సమయంలో భక్తులు మాట్లాడరాదు. ఆమె కాసేపు వింటుంది. కింద నుంచి ఏనాడూ ఏమీ రాలేదు. ఆమె మోకు పైకి తీసి తల్లి పిడికిలి పక్కన చుట్ట చుట్టి పెట్టి, దీపం వెలిగించి ఇంటికి పోతుంది. మరునాడు మళ్ళీ లాగుతుంది.