చేపమ్మ మగ్గం, నక్క తొమ్మిది తోకలు

చీనా దేశంలో దక్షిణ సముద్రం ఒడ్డున, మనుషుల ఊళ్ళు ఇంకా అంత దూరం రాని రోజుల్లో, ఒక గేదె పాకలో సముద్రపు ఆడమనిషి ఒకామె మగ్గం పెట్టుకుంది. నడుము పైన మనిషి, కింద చేప. పేరు సూలాన్. ఒడ్డు మీది జంతువులకి ఆ పేరు నోరు తిరగక చేపమ్మ అనేవి.

సముద్రం వాళ్ళకి నేత పుట్టుకతోనే వస్తుంది. కానీ పట్టుపురుగు నీళ్ళలో బతకదు కదా. అందుకని ఏడాదికోసారి ఒడ్డుకొచ్చి, పట్టు నేసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళు నేసిన బట్ట నీళ్ళలో నానేసినా తడవదు. మగ్గం కింద నేతగాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంట ఉంటుంది చూడండి, అందులో గేదె సముద్రపు నీళ్ళు తెచ్చి పోసేది. చేపమ్మ తోక అందులో చల్లగా ఉండేది. వానకి వణికే తన దూడకి ఒక ముక్క నేసిపెడితే చాలంది గేదె.

సముద్రం వాళ్ళకి ఇంకో సంగతి ఉంది. ఏడిస్తే కన్నీటి చుక్క కింద పడేలోగా ముత్యమవుతుంది. ఊరికే అవ్వదు, కంటి వెలుగు తీసుకుని అవుతుంది. మొగుడు పోయిన రోజున చేపమ్మ ఆగలేక ఏడ్చింది. గుప్పెడు ముత్యాలు రాలాయి, ఎడమ కన్ను పోయింది. మిగిలింది కుడి కన్ను. అది కూడా పోతే పోగు కనపడదు, మగ్గం ఉండదు, కూడూ ఉండదు. అందుకే అప్పట్నుంచీ ఎంత కష్టమొచ్చినా పళ్ళు బిగపట్టి మింగేసేది.

ఈ సంగతి నక్క చెవిన పడింది.

మామూలు నక్క కాదు, తొమ్మిది తోకల నక్క. ఆ దేశంలో నక్కకి ఎన్ని తోకలుంటే అంత పెద్దరికం. అందుకని జంతువులన్నీ దాన్ని పెద్దయ్యా అనేవి, ముందు దానికి పెట్టాకే తినేవి. ఎండాకాలం వచ్చినా అది ఎప్పుడూ ఏట్లో దిగేది కాదు. పెద్దవాళ్ళ అలవాట్లు మనకెందుకని ఎవరూ అడగలేదు.

వసంతం జాతర దగ్గరికొస్తోంది. తోకకొకటి చొప్పున తొమ్మిది ముత్యాలు కట్టుకుని తిరగాలని నక్కకి బుద్ధి పుట్టింది. ఒకరోజు బుట్టెడు ఉల్లిపాయలు తెచ్చి చేపమ్మ ముందు పెట్టింది.

"కాస్త తరిగిపెట్టు తల్లీ. నా చేతులు నొప్పి."

"దానికేం పెద్దయ్యా," అని చేపమ్మ బుట్టంతా గుంటలో నీళ్ళలోకి దింపి, నీళ్ళలోనే తరిగి ఇచ్చింది. కన్ను కూడా చెమర్చలేదు.

గేదె నవ్వింది. "ఉల్లి కొయ్యడం ఆడవాళ్ళకి నేర్పుతావా పెద్దయ్యా?"

నక్క ఆ ఉల్లిపాయలు తినలేక, పారెయ్యలేక మోసుకుపోయింది.

రెండ్రోజులు పోయాక పొద్దున్నే మళ్ళీ వచ్చింది. చెవులు వేలాడేసి, కాలీడ్చుకుంటూ వచ్చింది. నోట్లో ఒక తామరాకు. అది పక్కన పెట్టింది.

"సూలానూ," అంది. ఎప్పుడూ పిలవని పేరు పెట్టి పిలిచేసరికి చేపమ్మ చేతిలో పోగు తోసే నాడె ఆగింది. "ఎలా చెప్పేది తల్లీ. మీ అమ్మ పోయింది."

చేపమ్మ కుడి కన్ను నీళ్ళతో నిండింది. గేదె గబగబా లేచొచ్చి, "వద్దే అమ్మా, ఏడవకే, నీ కన్ను!" అంటూ మూతితో భుజం రాసింది.

"ఏడవనియ్యి," అంది నక్క. "కన్నతల్లి కోసం ఏడవకపోతే ఎవరి కోసం ఏడుస్తుంది?" అని తామరాకు తెచ్చి చేపమ్మ గడ్డం కింద పట్టుకుంది.

చేపమ్మ ఆ ఆకు వంక చూసింది. నిండిన కన్ను నిండినట్టే ఆగింది.

"నీకు కబురెవరు చెప్పారు పెద్దయ్యా?"

"ఒకళ్ళు చెప్పేదేమిటి! తొమ్మిది తోకలున్నవాడికి అలల కింద దారి ఉండదా? నేనే వెళ్ళాను. పాడె ఒక కొమ్ము నేనే పట్టాను."

"ఒళ్ళు తడిసినట్టు లేదే?" అంది గేదె.

"మంత్రం," అంది నక్క.

"మా అమ్మని బాగా సాగనంపారా?" చేపమ్మ అడిగింది.

"మహరాణిలా! గంధపు చెక్కలు పేర్చారు. నెయ్యి పోశారు. చితి భగ్గున అంటుకుంది తల్లీ. ఆ పొగకి నా కళ్ళు ఇప్పటికీ మంటే."

వెయ్యి నిలువుల నీళ్ళ కింద చితి. చేపమ్మ కంట్లో చుక్క వెనక్కి ఇంకిపోయింది. కానీ మొహం మార్చలేదు.

"చాలా చేశావు పెద్దయ్యా. నీ రుణం ఉంచుకోను, కడుపారా ఏడుస్తాను. అయితే మాకో ఆచారం ఉంది. పాడె మోసినవాళ్ళు తల మునిగేలా స్నానం చేశాకే ఇంటివాళ్ళు ఏడవాలి. నువ్వు చెయ్యకుండానే నా మగ్గం దగ్గరికొచ్చావు. పడుగు పోగులన్నీ మైలపడ్డాయి. పోయి సముద్రంలో మునిగి రా."

నక్క ఒకడుగు వెనక్కేసింది. "నాకు జలుబమ్మా. నాలుగు చుక్కలు నెత్తిన జల్లుకుంటే సరిపోదూ?"

"సముద్రం అడుక్కి వెళ్ళొచ్చినవాడికి మునకంటే భయమా?" అంది గేదె. "మునగాలని ఆవిడ, అక్కర్లేదని నువ్వు. ఇది తగవే. ఒంటికొమ్ము మేకయ్యని పిలుస్తానుండు."

ఒంటికొమ్ము మేక ఆ ఒడ్డుకి న్యాయం చెప్పేది. తగవు తెచ్చిన ఇద్దరి మొహాలూ చూసి, అబద్ధమాడినవాణ్ణి ఒక్క పోటు పొడుస్తుంది. మాటలుండవు. అది పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడి ఆకు నములుతోంది.

"ఎవరు, ఎవరి మీద?" అంది.

నక్క ఆ కొమ్ము వంక చూసింది. సముద్రం వంక చూసింది. "తగవేమీ లేదు మేకయ్యా! ఇదిగో, మునగబోతున్నాను," అంటూ బయల్దేరింది.

వెనకాలే గేదె నడిచింది, చేపమ్మ దాని వీపెక్కింది. మేక కూడా నములుకుంటూ వచ్చింది.

నక్క నీళ్ళలో కడుపు దాకా దిగి, తోకలన్నీ గొడుగులా పైకెత్తుకుని, మూతి మటుకు ముంచింది. "అయింది!"

"తల మునగాలి పెద్దయ్యా," అంది చేపమ్మ.

ఇంతలో పెద్ద అల వచ్చింది. అలకి పెద్దయ్య ఎవరో చిన్నయ్య ఎవరో తెలీదు, నెత్తి మీంచి పోయింది. అల వెనక్కి తగ్గాక చూస్తే నీళ్ళ మీద ఎనిమిది తోకలు తేలుతున్నాయి. రెల్లుపూల కట్టలు, నారతో కట్టి జిగురు పూసినవి. ఒడ్డున మటుకు తడిసిన పిల్లిలాగా ఒక నక్క, దానికొకటే తోక. అది కూడా పొట్టిది.

ముందు గేదెకి నవ్వొచ్చింది. "అబద్ధమాడితే అతికినట్టుండాలిరా! నువ్వు మాటా సరిగా అతికించలేదు, తోకలూ సరిగా అతికించలేదు."

"మాటకేమైంది?" అంది నక్క వణుకుతూ.

"నీళ్ళ కింద నిప్పెక్కడ రాజుకుంటుందిరా, నక్కా!"

చేపమ్మకి ఇక నవ్వు ఆగలేదు. మొగుడు పోయాక మొదటిసారి, పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కంట నీళ్ళు కారాయి. నక్క ఆ నీళ్ళు చూసి ఆశ చావక, తామరాకు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చుక్కలు ఆకు మీద టపటపా పడ్డాయి. ఒక్కటీ ముత్యం కాలేదు. నవ్వుకి వచ్చినవి కదా, ఉత్త ఉప్పునీళ్ళు. కుడి కన్నుకి ఏమీ కాలేదు, కడిగినట్టు తేటగా ఉంది.

"మేకయ్యా, ఇన్నాళ్ళూ వీణ్ణెందుకు పొడవలేదు?" అంది గేదె.

"ఎవరూ తగవు పెట్టందే!" అంది మేక. "ఇప్పుడు పెడతారా?"

వాళ్ళు వెనక్కి తిరిగేసరికి నక్క లేదు. ఇసకలో కాళ్ళ గుర్తులు, వాటి మధ్య సన్నగా ఒక్క తోక ఈడ్చిన గీత.

అబద్ధమని తెలిసినా చేపమ్మకి మనసు నిలవలేదు. మూడు రోజుల్లో దూడ బట్టతో సహా నేత ముగించి ఇంటికి పోయింది. అలల కింద గుమ్మంలో వాళ్ళమ్మ నిలబడి, "ఇన్నాళ్ళా? పోగులు లెక్కపెడుతూ కూర్చున్నావా?" అని తిట్టింది. ఆ తిట్లు చేపమ్మకి ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను.

మునిగి చూడనివాడు లోతు సంగతి చెబితే, మొదటి అలకే బయటపడతాడు.