హైలెస్సా అన్న రాకుమారుడు

అనగనగా ఒక రాజు, పేరు ఉదయసేనుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ముగ్గురే ఎందుకని అడక్కండర్రా, రాజులకి ముగ్గురే ఉంటారు.

కరాళుడనే మాంత్రికుడు ఆ రాజుగారి మీద పగబట్టి మంత్రం వేశాడు. ఆయన పాదాలు రాయైపోయాయి. ఆ రాయి రోజుకి గోరంత పైకి పాకుతోంది. గొంతుదాకా వచ్చిందా, రాజుగారు ఇక లేనట్టే. మాంత్రికుడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక చిలకలో ఉంది. ఆ చిలక మెడ విరిస్తే గానీ మంత్రం విరగదు.

పెద్దకొడుకు జయసేనుడు పడవెక్కాడు. తెడ్లు వేసేవాళ్ళ వెనక కత్తి దూసి నిలబడి "వేగం! వేగం!" అని అరిచాడు. రెండో సముద్రంలోనే తెడ్లు విరిగాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. తిరిగొచ్చేసరికి రాయి మోకాళ్ళు దాటింది.

రెండోవాడు విజయసేనుడు. "అన్న మొరటువాడు, నేను మంచివాణ్ణి" అని రోజూ విందులు పెట్టి, ఎవరికి తోచినట్టు వాళ్ళు తెడ్డు వెయ్యమన్నాడు. వేశారు. నాలుగో సముద్రం నడిమధ్యలో పడవ గానుగెద్దులా గిరగిరా తిరిగింది. అతనూ తిరిగొచ్చాడు. రాయి నడుము దాటింది.

ఇక చిన్నవాడు నందసేనుడు. తండ్రి చేతులు పట్టుకుని చూశాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అతనికి ఏడుపొచ్చింది, భయమూ వేసింది. ఆ భయంతోనే పడవెక్కాడు.

పడవవాళ్ళకో పద్ధతుంది. ఒకడు పాట చెబుతాడు, మిగిలినవాళ్ళు "హైలెస్సా" అంటూ ఒక్కసారిగా తెడ్డు వేస్తారు. రాకుమారుడు కదా, పాట నేనే చెబుతానన్నాడు. ఆస్థానంలో నేర్చిన సంగీతం మరి! రాగం తీశాడు, తీశాడు, తీస్తూనే ఉన్నాడు. అతను ఎప్పుడు ఆపుతాడా అని తెడ్లన్నీ గాల్లోనే ఆగిపోయాయి. అల వచ్చి పడవని మళ్ళీ రేవులోకే నెట్టింది.

రోజూ పాట చెప్పే ఎర్రయ్య నవ్వాపుకోలేక, "బాబుగారూ, కొన్నాళ్ళు తమరు హైలెస్సా అనండి. చెప్పే సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

నందసేనుడి మొహం కందగడ్డయింది. అయినా తెడ్డు పట్టాడు. రెండు సముద్రాలు హైలెస్సా అంటూనే దాటాడు. మూడోదాంట్లో, పక్కనున్న బక్క కామన్నకి ఆయాసం వచ్చింది. వెంటనే ఎర్రయ్య పాట నెమ్మదించింది.

"ఎందుకలా?" అనడిగాడు రాకుమారుడు.

"కామన్నకి ఊపిరందాలి కదా బాబూ. పాట వాడి ఊపిరిని బట్టే. నా గొంతును బట్టి కాదు."

నాలుగో సముద్రంలో ఎర్రయ్య పాటని నందసేనుడికిచ్చాడు. ఈసారి అతను కామన్న పక్కనే కూర్చుని చెప్పాడు. పడవ చక్కగా సాగింది.

ఐదో సముద్రంలో అడవిబాతుల గుంపొకటి అలిసి పడవ మీద వాలింది. నందసేనుడు తన అన్నం వాటికి పెట్టి, "మీలో నాయకురాలెవరు?" అనడిగాడు.

"ఇవాళ నేను. ముందెగిరేదానికే గాలిదెబ్బంతా. అలిసిపోతే వెనక్కెళ్తా, ఇంకొకతి ముందుకొస్తుంది" అందొక బాతు.

"పెద్దరికం పోదూ?"

"పోతే పోయింది! గూడు చేరాలా వద్దా?"

ఆ మాట అతనికి నచ్చింది. ఆరో సముద్రంలో తలా కాసేపు పాట చెప్పారు, కామన్నతో సహా.

ఏడో సముద్రంలో దీవి కనబడింది. ఒడ్డున కరాళుడు నిలబడి, పాట చెప్పేవాడి గొంతు లాగేస్తే పడవ అదే ఆగుతుందనుకున్నాడు. నందసేనుడి గొంతు లాగి సంచిలో వేసుకున్నాడు. ఎర్రయ్య పాట అందుకున్నాడు. అతని గొంతూ లాగాడు. ఇంకొకడు అందుకున్నాడు. వాడిదీ లాగాడు.

"ఒరే, మీలో నాయకుడెవడ్రా!" అని మాంత్రికుడు నెత్తి బాదుకున్నాడు.

చివరికి కామన్న మిగిలాడు. వీడేం పాడతాడులే అని మాంత్రికుడు వదిలేశాడు. కామన్న తన ఊపిరికి తగ్గ పాట ఎత్తాడు. ఆ లయ అందరి చేతులకీ ఎప్పుడో అలవాటే. నోట హైలెస్సా రాకపోయినా తెడ్లన్నీ ఒక్కసారే పడ్డాయి. పడవ ఇసుక తాకింది.

అన్నం తిన్న ఆ అడవిబాతులొచ్చి మాంత్రికుడి కళ్ళచుట్టూ ముసిరాయి. చిలకకి గింజలు వేసే పనికని అతను చెరపట్టి ఉంచిన కువలయ అనే రాకుమారి పంజరం తలుపు తీసింది. నందసేనుడు చిలక మెడ విరిచాడు. కరాళుడు కూలాడు. ఎవరి గొంతులు వాళ్ళకి తిరిగొచ్చాయి. అక్కడ కోటలో, భుజాలదాకా పాకిన రాయి పెటపెటా పగిలి రాలిపోయింది.

ఇంటికొచ్చిన కొడుకుని రాజుగారు కావలించుకుని ఏడ్చారు. "అంతదూరం పడవని నువ్వే నడిపావా నాయనా?"

"కొంతదూరం నేను, నాన్నగారూ. ఒడ్డు చేర్చింది కామన్న."

రాజుగారు తన కిరీటం తీసి నందసేనుడి తలమీద పెట్టారు. కువలయతో పెళ్ళి జరిగింది, ఊరంతా భోంచేసింది. నందసేనుడు తల నెరిసేదాకా రాజ్యం చేశాడు.

అన్నలిద్దరూ ముందు అలిగారు, తర్వాత సిగ్గుపడ్డారు. ఒకనాడు వచ్చి, "తమ్ముడూ, ఆ పాట చెప్పడమేదో మాకూ నేర్పవా?" అన్నారు.

కొత్త రాజు వాళ్ళని రేవుకి తీసుకెళ్ళి, చెరో తెడ్డు చేతిలో పెట్టి, కామన్నకి అటొకణ్ణి ఇటొకణ్ణి కూర్చోబెట్టాడు.

"ముందు హైలెస్సా అనండి" అన్నాడు.

వాళ్ళ పడవ అలా సాగిపోయింది, మన కథ రేవుకి చేరింది. ఇక మీరూ పక్కలు చేరండర్రా.