అన్ని మాటలకూ మొదటి పేరు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. అక్కడ ఎవరికి ఏది కావాలన్నా ముందు గోరింక గవరమ్మను అడగాలి. "అమ్మా, తేనె ఎక్కడ?" అంటే చాలు, తేనె ఇచ్చేవాళ్ళ పేర్లు వరసగా చెప్పేది. అందరూ మొదటి పేరు దగ్గరికే పరుగెత్తేవాళ్ళు. ఆరో పేరు దాకా వినే ఓపిక ఎవరికుంది? మీకుందా? నా కథే సగంలో వదిలేసి ఆటలకు పారిపోతారు మీరు!

వడ్రంగిపిట్ట కొట్టయ్య పేరు "చెట్టు తొర్ర" అనే మాటకు నాలుగోది. పనిలో వంక పెట్టడానికి లేదు. తొర్ర తొలిచాడంటే గుండ్రంగా, నున్నగా, వానచినుకు లోపల పడకుండా ఉండేది. చేయించుకున్నవాళ్ళు తిండి తెచ్చి పెట్టేవాళ్ళు. కానీ నాలుగో పేరు దాకా వచ్చేదెవరు? ఆ ఏడాది తిందామంటే చీమలు కూడా కరువే. ఇంట్లో మూడు పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఆకలి, ఆకలి అని ఏడ్చేవి.

ఇక ఆగలేక కొట్టయ్య గవరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"గవరమ్మత్తా, నా పేరు ముందుకు రావాలంటే ఏం చెయ్యాలి?"

"పొద్దున్నే అడవంతా తిరుగుతానయ్యా. ఎవరి గుమ్మంలో ఏ మాట ఎక్కువగా వినిపిస్తే, ఆ మాటకు వాళ్ళ పేరు ముందు చెబుతాను. కానీ ఒకటి. నేను పంపినవాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ అదే మాట అడిగారంటే, ఆ పేరు అడుక్కి పోతుంది."

మొదటి సగం విన్నాడు కొట్టయ్య. రెండో సగం పూర్తయ్యేలోపే తుర్రుమన్నాడు.

ఇంటికొచ్చి పెళ్ళాం సూదమ్మతో అన్నాడు. "ఒక్క తొర్ర మాట ఎందుకే? నాలుగు మాటలు అరుస్తాను. నాలుగు గుంపులొస్తాయి. పిల్లలకు నాలుగు పూటలా తిండి!"

"తొర్ర తప్ప నీకేం వచ్చయ్యా?" అంది సూదమ్మ.

"ముందు రానీవే, తరవాత చూసుకుందాం!"

తెల్లారగానే మొదలెట్టాడు. "చెట్టు తొర్ర! పంటినొప్పి! పెళ్ళి మేళం! నేల బొరియ!" గొంతు జీరపోయేదాకా ఒకటే అరుపు. గవరమ్మ అటుగా వెళుతూ విన్నది. ఇంకేముంది, నాలుగు మాటలకూ కొట్టయ్య పేరే మొదటిది!

ముందు ఎలుగుబంటి భీమన్న బుగ్గ పట్టుకుని వచ్చాడు. "అబ్బా, పన్ను పీకేస్తోంది, ఏదో ఒకటి చెయ్యి!" కొట్టయ్య నోట్లో దూరి టక్ టక్ మని నాలుగు పోట్లు పొడిచాడు. నొప్పి పన్ను అలాగే ఉంది, మంచి పన్ను విరిగింది. భీమన్న కేక కొండ అవతలికి వినిపించింది.

తరవాత నెమళ్ళ పెళ్ళి. మేళానికి పిలిచారు కదా అని కొట్టయ్య ఎండుకొమ్మ మీద వాయించాడు. కొమ్మ విరిగి పెళ్ళికొడుకు నెత్తిన పడింది. ముహూర్తం తప్పిపోయింది.

మూడోది కుందేలు. "బొరియ తవ్విపెట్టు మామా" అంది. కొట్టయ్య బలంకొద్దీ నేలను పొడిచాడు. ముక్కు దిగబడిపోయింది. కాళ్ళు పైకి, తల కిందికి! సరిగ్గా అప్పుడే రామచిలుకల జంట వచ్చింది.

"అయ్యా, రేపోమాపో వానలు. గుడ్లు పెట్టుకోవాలి, తొర్ర కావాలి."

కొట్టయ్య "ఊఁ ఊఁ" అన్నాడు. నోరు మట్టిలో ఉంటే ఏమనగలడు? కాసేపు చూసి చిలుకలు వెళ్ళిపోయాయి.

వచ్చినవాళ్ళందరూ గవరమ్మ దగ్గరికి తిరిగొచ్చి మళ్ళీ అవే మాటలు అడిగారు. నాలుగు మాటలకూ కొట్టయ్య పేరు అడుక్కి పోయింది.

కొట్టయ్య ఎలాగో నేలలోంచి ముక్కు పీక్కుని, ఆ వాచిన ముక్కుతోనే వెళ్ళి గవరమ్మ ముందు వాలాడు.

"అత్తా, ఒక్క మాటకైనా నా పేరు మొదట లేదా?"

"లేకేం? ఇందాకే తాబేలు వచ్చి, ఎవరి దగ్గరికి పోకూడదని అడిగింది. మొదట నీ పేరే చెప్పాను."

కొట్టయ్య సిగ్గుతో చచ్చిపోయి, ఇంటికొచ్చి ఓ మూల కూలబడ్డాడు. సూదమ్మ ఊరుకుంటుందా? "మూతి ముడుచుకుని కూర్చుంటే పిల్లల నోట్లోకి చీమలు నడిచొస్తాయా? చిలుకలకు ఇంకా తొర్ర దొరకలేదట. లే!"

ఇద్దరూ వెళ్ళారు. వాచిన ముక్కుతోనే కొట్టయ్య తొలిచాడు. నొప్పికి కళ్ళనీళ్ళు కారినా ఆపలేదు. మొదటి చినుకు పడేలోగా తొర్ర సిద్ధమైంది. చిలుకలు సంతోషంగా మేడిపళ్ళు తెచ్చాయి. అన్నీ పురుగులున్నవే! వడ్రంగిపిట్ట పిల్లలకు అంతకన్నా విందేముంది? కడుపునిండా తిని హాయిగా పడుకున్నాయి.

గవరమ్మ ఆ వేళంతా ఎదురుచూసింది. చిలుకలు మళ్ళీ తొర్ర అడగడానికి రాలేదు. వానలో తడుస్తూనే కొట్టయ్య ఇంటికి వచ్చి కబురు చెప్పింది.

"ఒరేయ్ కొట్టయ్యా, చెట్టు తొర్రకు నీ పేరు పైకి జరిగిందిరా."

"ఎక్కడికత్తా?"

"చివరినుంచి రెండోది."

కొట్టయ్య ఎగిరి గంతేశాడు.

నీతి: రాని పనులకు పేరు చాటుకుంటే, వచ్చిన పనికున్న పేరు కూడా పోతుంది.